రంగం నుంచి అమెరికా దాకా

మన సంఘం సమావేశాల్లో ఎజెండా డి.ఎ. బకాయిలైనా, హెల్త్ కార్డులైనా, టీ కప్పులు చేతికి వచ్చేసరికి మాట ఒక్కచోటికే చేరుతుంది. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అమ్మాయి ఆస్ట్రేలియాలో ఉంది, మనం ఇక్కడ ఉన్నాం. ఇల్లు అమ్మేసి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవడమా, ఓపిక ఉన్నన్నాళ్ళు ఉన్న ఊళ్ళోనే ఉండడమా? వెళ్ళి వచ్చినవారు ఒకటి చెబుతారు, వెళ్ళనివారు మరొకటి చెబుతారు. ఒకరు "దూరపు కొండలు నునుపు" అంటే, ఇంకొకరు "పిల్లలున్న చోటే ఇల్లు" అంటారు. ఎవరి అనుభవం వారిది కనుక వాదన తేలదు.

ఈ ప్రశ్న మన తరానికే కొత్తగా వచ్చినట్లు మనం మాట్లాడుకుంటాం గానీ, తెలుగువాళ్ళు దీన్ని నూట యాభై ఏళ్ళకు పైగా ఎదుర్కొంటూనే ఉన్నారు. అప్పుడు విమానం లేదు, ఓడ ఉండేది. ఉద్యోగపు వీసా లేదు, మేస్త్రీ ఇచ్చిన బయానా ఉండేది. వెళ్ళినవారిలో కొందరు బాగుపడ్డారు, కొందరు సర్వం పోగొట్టుకొని నడిచి వచ్చారు. వారి కథ మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా లేదు. ఈ ప్రత్యేక సంచికలో దాన్ని సభ్యుల ముందు ఉంచడం సందర్భోచితమని భావిస్తున్నాను. సలహాకంటే ముందు చరిత్ర తెలుసుకుందాం.

కోరంగి రేవు

సముద్రం దాటితే కులం పోతుందన్న మాట ఒకప్పుడు గట్టిగానే ఉండేది. 1888లో గాంధీగారు బారిస్టరు చదువుకోసం లండన్ బయలుదేరినప్పుడు ఆయన కులపెద్దలు వెలి వేశారన్న సంగతి తెలిసిందే. అయితే ఈ కట్టుబాటు పై వర్గాలవారికే ఎక్కువగా వర్తించింది. మన తీరంలో చేపలు పట్టేవారు, ఓడలు కట్టేవారు, ఓడలపై పనిచేసే కళాసీలు, కూలీలు అంతకు ఎంతో ముందే సముద్రం దాటారు. పూట గడవనివాడికి ప్రాయశ్చిత్తం గురించి ఆలోచించే తీరిక ఉండదు కదా.

ఇప్పుడు కాకినాడ దగ్గర మడ అడవులు చూడటానికి విహారయాత్రలు వెళ్ళే కోరంగి, ఒకనాడు పేరున్న రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు మిగిలింది. ఆ రేవు నుంచి మొదట వెళ్ళినవారిని బట్టి, బర్మాలో తెలుగువాళ్ళందరినీ "కోరంగీలు" అని పిలవడం అలవాటైంది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, భీమిలి నుంచి వెళ్ళినా అక్కడ అందరూ కోరంగీలే.

వారు వెళ్ళిన పట్నం రంగూన్. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో దాన్ని "రంగం" అంటారు. "వాళ్ళ తాత రంగం వెళ్ళాడు" అన్న మాట వినని కుటుంబం ఆ ప్రాంతంలో అరుదు.

రంగం ఎందుకు పిలిచింది?

బర్మాను ఆంగ్లేయులు మూడు యుద్ధాలలో జయించారు. 1824-26 యుద్ధంలో అరకాన్, తెనాసెరిం తీరాలు, 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా, 1885లో మాండలే వారి వశమయ్యాయి. చివరి రాజు థీబాను రత్నగిరికి పంపేశారు. మన చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షాను అంతకుముందే రంగూన్ పంపారు, ఆయన 1862లో అక్కడే కన్నుమూశారు. రాజులను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మార్చినవారికి కూలీలను మార్చడం కష్టమైన పని కాదు.

1852లోనే ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి డెల్టా క్రమంగా పచ్చబడింది. కానీ విశాఖపట్నం, గంజాం జిల్లాలు వాన మీద ఆధారపడిన మెట్ట ప్రాంతాలుగానే ఉండిపోయాయి. పైన జమీందారీ శిస్తులు. 1866లో గంజాం కరువు, 1876-78లో దక్షిణాదినంతా పీడించిన మహా కరువు. డెల్టాలో సైతం భూమి లేని వారికి ఏడాదంతా పని లేదు.

అదే కాలంలో ఐరావతీ నది డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపా దారి దగ్గరైంది. రంగూన్ నది ఒడ్డున బియ్యం మిల్లులు, టేకు కోసే రంపపు మిల్లులు వెలిశాయి. బర్మా రైతు డెల్టాలో సొంత సేద్యానికి వెళ్ళాడు. మిల్లులో బస్తా మోయడానికి, ఓడలో సరుకు ఎక్కించడానికి, రిక్షా లాగడానికి, పట్నం ఊడ్చి శుభ్రం చేయడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు మన తీరం నుంచి వెళ్ళారు. తమిళ దేశపు చెట్టియార్లు వడ్డీ వ్యాపారానికి వెళ్ళారు, బెంగాలీలు గుమాస్తాలుగా వెళ్ళారు, తెలుగువారు ఎక్కువగా రెక్కల కష్టానికే వెళ్ళారు.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. డెక్కు మీద చాప పరుచుకొని కొద్ది రోజుల ప్రయాణం. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చి, ఓడ చార్జీ పెట్టుకొని మనుషులను తీసుకువెళ్ళేవాడు. అక్కడ కూలి డబ్బు కంపెనీ నుంచి మేస్త్రీ చేతికి, మేస్త్రీ నుంచి కూలీ చేతికి వచ్చేది. మధ్యలో బయానా, దాని మీద వడ్డీ, మామూళ్ళు కోత పడేవి. అయినా వెళ్ళేవారు తగ్గలేదంటే, ఇక్కడి పరిస్థితి అంతకంటే అధ్వాన్నంగా ఉండేదని అర్థం. రంగం నుంచి వచ్చే మనియార్డరుతో ఇక్కడ అప్పులు తీరాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి, చెక్క భూమి విడిపించుకున్నారు.

వెళ్ళినవారిలో అత్యధికులు మగవారు. భార్యాపిల్లలను ఊళ్ళో ఉంచి, రెండు మూడేళ్ళు కష్టపడి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళేవారు. ఒక్క 1927లోనే భారతదేశం నుంచి నాలుగు లక్షలకు పైగా మనుషులు బర్మాలో దిగితే, మూడు లక్షలకు పైగా తిరిగి వచ్చారు. వలస అనడం కన్నా రాకపోకలు అనడమే సబబు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైన, వారిలో తెలుగువారు లక్షన్నరకు పైన. రంగూన్ నగర జనాభా నాలుగు లక్షల్లో సగం కంటే ఎక్కువ మంది మనవాళ్ళే. బర్మా రాజధానిలో బర్మా వారే మైనారిటీ అయ్యారు. ఈ ఒక్క అంకెలోనే రాబోయే కష్టం దాగి ఉంది.

రేవులో రక్తపాతం

1929లో మొదలైన ఆర్థికమాంద్యంతో బియ్యం ధర పడిపోయింది. అప్పు తీర్చలేని బర్మా రైతుల భూములు చెట్టియార్లకు జమ పడ్డాయి. 1930ల మధ్యకు వచ్చేసరికి దిగువ బర్మా సాగుభూమిలో సుమారు నాలుగో వంతు వారి చేతికి చేరింది. భూమి పోయిన బర్మా రైతు పని కోసం రంగూన్ వచ్చాడు. అక్కడ పని అంతా కోరంగీల చేతిలో ఉంది.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కార్మికులు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకుల కంట్రాక్టర్లు బర్మా కూలీలను తెచ్చి పని చేయించుకున్నారు. తర్వాత సమ్మె పరిష్కారమై, తెలుగువారిని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆ సంగతి తెలియక మే 26 ఉదయం బర్మా కూలీలు మామూలుగా పనికి వచ్చారు. పని లేదు పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. రోజుల తరబడి సాగిన ఆ అల్లర్లలో వందకు పైగా మరణించారు, వందలాది మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మన తెలుగు కూలీలు. రేవులో బస్తాలు మోసే ఇద్దరు పేదవాళ్ళను ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పింది వారి చేత పని చేయించుకున్నవారి లెక్కలే. దెబ్బలు తిన్నది మాత్రం పేదవాళ్ళు.

ఆ ఏడు కొంతమంది తిరిగి వచ్చేశారు. చాలామంది "ఇది గాలివాన, తగ్గిపోతుంది" అనుకున్నారు, తగ్గింది కూడా. 1938లో మళ్ళీ అల్లర్లు లేచాయి. ఒక మత వివాదంతో ముస్లింల మీద మొదలై, ఆ తర్వాత భారతీయులందరి మీదికీ మళ్ళాయి. అవీ తగ్గాయి.

ఈ రెండింటి నడుమ జరిగిన మరో సంగతి కత్తిపోట్ల వంటిది కాదు కాబట్టి చాలామంది దృష్టికి రాలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అంతవరకు విశాఖ, రంగూన్ ఒకే దొరతనం కింద ఉన్న రెండు పట్నాలు. కూలీకి పాస్‌పోర్టు అవసరం లేదు. ఆ రోజు నుంచి, తాను ఉన్న గది నుంచి అడుగు కదలకుండానే, మనవాడు పరాయి దేశంలో ఉన్నవాడయ్యాడు. 1941లో భారతీయుల వలసపై బాక్‌స్టర్ నివేదిక వెలువడింది. ఆ జులైలో వలసను కట్టడి చేసే ఒప్పందం కుదిరింది. కాగితాల మీద మారిన ఈ మార్పును గమనించి ముందుగా సర్దుకున్నవారు ఎంతమంది ఉండి ఉంటారు? చదువు రాని కూలీని తప్పుపట్టలేం. చదువు వచ్చినవారు కూడా అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

నడక

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. రేవులు, వీధులు జనంతో కిటకిటలాడే పట్నం. గుంపులుగా ఆకాశంకేసి చూస్తున్నవారి మీద బాంబులు పడ్డాయి. 25న మళ్ళీ పడ్డాయి. మన రేవు కూలీలు నగరం విడిచి ఉత్తరదిశగా నడక సాగించారు. పనివాళ్ళు లేకపోతే రేవు నడవదు గనుక ప్రభుత్వం వారికి నచ్చజెప్పి వెనక్కి తెచ్చింది. 1942 మార్చి 8న జపాన్ సేన రంగూన్ ప్రవేశించేసరికి వెనక్కి వచ్చినవారూ రోడ్డున పడ్డారు.

ఓడ టికెట్టు కొనగలిగినవారు, పలుకుబడి ఉన్నవారు మొదట బయటపడ్డారు. మిగిలినవారికి దారులు మూడు. ఒకటి ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్ చేరి, అక్కడ పడవలు పట్టుకొని అక్యాబ్ మీదుగా చిట్టగాంగు వెళ్ళేది. రెండవది చింద్విన్ నది దాటి తాము మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్ చేరేది. మూడవది, అన్నిటికంటే భయంకరమైనది, హుకాంగ్ లోయ బురదలోంచి అస్సాంలోని లెడో చేరేది. నీళ్ళు లేవు, కలరా ఉంది, మే తర్వాత వానలు పట్టుకున్నాయి. దొరలకు వేరే దారి, నల్లవారికి వేరే దారి కేటాయించారన్న ఆరోపణ అప్పట్లో మన జాతీయ నాయకులు గట్టిగా చేశారు. సుమారు నాలుగైదు లక్షల మంది ఇలా భారతదేశం చేరారు. దారిలో రాలిపోయినవారు పదివేల నుంచి ఎన్నో పదివేల వరకు ఉంటారని వేర్వేరు అంచనాలు. వారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

చిట్టగాంగు, డిమాపూర్ చేరి, అక్కడి నుంచి రైలెక్కి సొంత ఊరికి బయలుదేరిన తెలుగువారికి ఇక్కడా నెమ్మది లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. పట్నాలు ఖాళీ అవుతున్న రోజులవి. రంగంలో బాంబులకు బెదరి ఇంటికి వస్తే, ఇంటి దగ్గరా బాంబులే. ఇలాంటివి చూసినప్పుడు "సురక్షితమైన దేశం" అని ఎవరైనా తొందరపడి అంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలనిపిస్తుంది.

రెండవసారి

ఇంత జరిగాక కూడా యుద్ధం ముగియగానే చాలామంది తిరిగి రంగం వెళ్ళారు. కొందరికి అక్కడ దుకాణాలున్నాయి, కొందరికి రావలసిన బాకీలున్నాయి, చాలామందికి ఇక్కడ పని లేదు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. ఆ ఏడే పౌరసత్వ చట్టం వచ్చింది. అక్కడ ఉన్న భారతీయులకు దరఖాస్తు పెట్టుకొనే వీలుంది. ఇక్కడే మన కథలోని ముఖ్యమైన మలుపు. చాలామంది దరఖాస్తు పెట్టుకోలేదు. సొంత ఊళ్ళో చెక్క భూమి ఉంది, ముసలితల్లి ఉంది, ఎప్పటికైనా వెళ్ళిపోయేవాళ్ళమే కదా అనుకున్నారు. అలాగని వెళ్ళిపోనూలేదు. దరఖాస్తు పెట్టినవారిలోనూ ఎందరివో ఏళ్ళ తరబడి ఆఫీసుల్లో మూలిగాయి. ఆఫీసుల్లో ఫైళ్ళ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక బలంతో అధికారం చేపట్టారు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. చిన్న కిరాణా కొట్లను సైతం వదలలేదు. ఆ మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశారు. పెట్టెలో దాచుకున్న డబ్బు చిత్తుకాగితాలైంది. కొద్దిపాటి డబ్బు, కొద్దిపాటి వస్తువులు తప్ప వెంట తెచ్చుకోవడానికి అనుమతి లేదు. భారత ప్రభుత్వం ఓడలు, విమానాలు ఏర్పాటు చేసి లక్షన్నరకు పైగా మనుషులను తీసుకువచ్చింది. వీరిలో చాలామంది బర్మాలోనే పుట్టినవారు, బర్మా భాష బాగా వచ్చినవారు. తిరిగి రావడం అనే మాట తాతలకు సరిపోతుంది గానీ, మనవళ్ళకు అది తెలియని ఊరికి రావడమే.

మన పాత ఉద్యోగులకు ఈ ఘట్టం ఫైళ్ళలో తెలిసినదే. "బర్మా కాందిశీకులు" అన్న శీర్షికతో ఎన్ని ఉత్తర్వులు వచ్చాయో రెవెన్యూలో పనిచేసినవారికి జ్ఞాపకం ఉంటుంది. ఉద్యోగ ప్రకటనల్లో వయోపరిమితి సడలింపు దగ్గర "1963 జూన్ 1న గాని, ఆ తర్వాత గాని బర్మా నుంచి వచ్చినవారు" అన్న వాక్యం చాలా ఏళ్ళు కనిపించేది. మనం పరీక్షలకు కట్టే రోజుల్లో ఆ వాక్యాన్ని దాటేసి చదివేవాళ్ళం. దాని వెనుక ఒక్కొక్క కుటుంబం ఉంది. బర్మా, సిలోన్ కాందిశీకుల కోసం 1969లో మద్రాసులో ఏర్పడిన రెప్కో బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. ఆ దారిన వెళ్ళే సిటీబస్సు ప్రయాణికుల్లో ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలిసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

బర్మాలో మిగిలిపోయినవారూ ఉన్నారు. మాలమైన్, రంగూన్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టం 1823కు ముందునుంచీ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం ఇచ్చి, మిగిలినవారిని తక్కువ మెట్ల మీద నిలబెట్టింది.

మారిషస్ దారి వేరు

ఒక్క బర్మానే చూసి "పరదేశం వద్దు" అని తీర్పు చెప్పడం న్యాయం కాదు. మారిషస్‌ను కూడా చూడాలి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి, 1834 నుంచి భారతీయులను కంట్రాక్టు మీద తీసుకువెళ్ళారు. మన తీరం నుంచి 1843లో వెళ్ళిన ఓడ పేరులోనూ కోరంగి ఉంది. అక్కడికి చేరిన సుమారు నాలుగున్నర లక్షల భారతీయులలో మూడింట రెండు వంతుల మంది తిరిగి రాలేదు. తోటల్లో వారు పడిన కష్టం బర్మా కూలీ కష్టానికి తక్కువేమీ కాదు. అయితే దూరం ఎక్కువ, ఇష్టం వచ్చినప్పుడు ఓడ ఎక్కి రావడం కుదరదు. ఆడవారు కూడా వెళ్ళారు, కాపురాలు ఏర్పడ్డాయి. 1880ల తర్వాత పెద్ద తోటలు ముక్కలుగా అమ్మకానికి వస్తే, కూడబెట్టిన డబ్బుతో అక్కడే భూమి కొన్నారు. గుడి కట్టుకున్నారు, పిల్లలను అక్కడి బడుల్లో వేశారు. 1968 మార్చి 12న ఆ దేశం స్వతంత్రమయ్యేనాటికి వారు దేశ పౌరులు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

అలాగని వారు ఏమీ పోగొట్టుకోలేదా? ఇళ్ళలో మాట్లాడుకునేది క్రియోల్. తెలుగు బడిలో నేర్చుకునే భాష, భజనల్లో పాడుకునే భాష అయింది. ముత్తాత ఊరి పేరు చాలామందికి తెలియదు. వారికి భూమి, హక్కు దక్కాయి, భాష చేజారింది. బర్మా వెళ్ళినవారికి భాష మిగిలింది, భూమీ హక్కూ దక్కలేదు.

దీన్ని బట్టి వలసలు రెండు రకాలని నాకు తోస్తుంది. ఒక కాలు ఊళ్ళోనే ఉంచి సంపాదనకు వెళ్ళేది రంగం వలస. కాపురంతో వెళ్ళి అక్కడే నాటుకునేది మారిషస్ వలస. ఏది మంచిది అని అడిగితే జవాబు లేదు. కానీ తనది ఏ వలసో తనకే తెలియకపోతే మాత్రం ప్రమాదం. బర్మాలోని మనవాళ్ళకు జరిగింది అదే. మనసులో రంగం వలస, బతుకులో మారిషస్ వలస. ఇరవై, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉండిపోయి కూడా వెళ్ళిపోయేవాళ్ళమే అనుకున్నారు.

చదువుకున్నవారి వలస

కూలీల మాట అలా ఉంచి, చదువుకున్నవారి సంగతి చూద్దాం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరి, వైద్యశాస్త్రంలో ప్రపంచం చెప్పుకునే పరిశోధనలు చేశారు. ఆ దేశపు చట్టం ఆ రోజుల్లో భారతీయులకు పౌరసత్వం ఇవ్వలేదు. 1946లో చట్టం మారి ఏడాదికి వంద మంది భారతీయులకు చోటిచ్చింది. ఆయన పౌరుడు కాకుండానే 1948లో న్యూయార్క్‌లో మరణించారు. మళ్ళీ స్వదేశం చూడలేదు.

1965 చట్టంతో అమెరికా తలుపు తెరిచింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. 1977లో న్యూయార్క్‌లో తెలుగువారి మొదటి మహాసభ జరిగింది. 1990 చట్టం హెచ్-1బి వీసా తెచ్చింది, ఆ తర్వాత కంప్యూటర్ల కాలం వచ్చింది. ఉద్యోగం ద్వారా ఇచ్చే శాశ్వత నివాసపు కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదన్న నిబంధన వల్ల మన పిల్లలు ఏళ్ళ తరబడి వరుసలో నిలబడ్డారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళలో ఆ రాత్రి నిద్ర లేదో మనకు తెలుసు. ఇల్లు కొని, పిల్లలను కని, పదిహేనేళ్ళుగా ఉంటున్నవాడు కూడా కాగితం మీద తాత్కాలికుడే. 1937 ఏప్రిల్ 1 నాటి రంగూన్ కూలీ మనకు ఇక్కడ గుర్తుకు రావాలి.

గల్ఫ్ మరో రకం. 1973 తర్వాత చమురు ధర పెరిగి కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి లక్షలాది మంది వెళ్ళారు. అక్కడ పౌరసత్వం అన్న ఆశ ఎవరికీ లేదు, అందరూ తిరిగి రావలసినవారే. అది అచ్చంగా రంగం వలస. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా మనవాళ్ళను అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తెచ్చారు. 1942కూ దీనికీ తేడా గమనించండి. 1942లో మనవాడి వెనుక తనదన్న ప్రభుత్వం లేదు, నడిచి వచ్చాడు. 1990లో ఉంది, ఎగిరి వచ్చాడు. సొంత దేశం అంటే ఏమిటో ఈ ఒక్క పోలిక చాలు.

మన సంగతి

ఇక పెన్షనర్లుగా మన ప్రశ్నకు వద్దాం. పిల్లల మాట వేరు. వారు యువకులు, వారి పని ఎక్కడ ఉంటే అక్కడ ఉండవలసినవారు. వారికి మనం చెప్పగలిగింది ఒక్కటే. ఉండిపోదలచుకుంటే ఆ దేశపు కాగితం సంపాదించుకోండి, ఇరుగుపొరుగుతో కలవండి, అక్కడి పేదవాడు మిమ్మల్ని చూసి తన పని పోయిందనుకునే పరిస్థితి వస్తోందేమో కనిపెట్టి ఉండండి. రాదలచుకుంటే తేదీ వేసుకోండి. "ఎప్పటికైనా" అన్న మాటను నమ్ముకోవద్దు.

మన మాటకు వస్తే, అరవై దాటాక వెళ్ళి నాటుకోవడం అంత తేలిక కాదు. మారిషస్‌లో నాటుకున్నవారు పడుచువారు. మనం ఇక్కడ నలభై ఏళ్ళు సంపాదించినది పెన్షను ఒక్కటే కాదు. పేరు పెట్టి పిలిచే మందుల షాపువాడు, కబురు పెడితే వచ్చే ఎలక్ట్రీషియను, జ్వరం వస్తే కషాయం పంపే పక్కింటి వదినగారు కూడా మన ఆస్తే. అది అమ్మి డబ్బు చేసుకోవడానికి కుదరదు, పెట్టెలో పెట్టుకొని తీసుకెళ్ళడానికీ కుదరదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నంతకాలం మనది రాకపోకల ప్రయాణంగానే ఉండాలి. ఆరు నెలలు మనవళ్ళతో గడిపి, తిరిగి మన ఇంటికి రావాలి. ఇల్లు అమ్మి, ఆ డబ్బు పిల్లలకు ఇచ్చి వెళ్ళడం మాత్రం వద్దు. తిరిగి వచ్చే దారి ఉన్నవాడు అక్కడ కూడా నిబ్బరంగా ఉంటాడు.

అయితే అందరి పరిస్థితి ఒకటి కాదు. ఒంటరిగా మిగిలినవారు, మంచం పట్టినవారు, ఇక్కడ చూసే దిక్కు లేనివారు మన సభ్యుల్లో ఉన్నారు. వారు పిల్లల దగ్గరికి వెళ్ళడమే సరైనది, అందులో చిన్నతనం లేదు. వెళ్ళేవారు సగం మనసుతో కాకుండా, కాగితాలన్నీ చూసుకొని వెళ్ళాలి. మన చట్టం ప్రకారం, కోరి పరదేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. 2005 నుంచి ఉన్న ఓ.సి.ఐ. కార్డుతో రాకపోకలు సాగుతాయి గానీ, ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన వృద్ధులు ఐదేళ్ళు అక్కడ నివసించనిదే మెడికేర్ కొనుక్కోవడానికి కూడా అర్హులు కారు. ఆ ఐదేళ్ళు వైద్యం ఖర్చు ఎవరిదో బయలుదేరక ముందే పిల్లలతో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు సంగతి మరవరాదు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి వల్ల అది కొంత సులభమైంది. బ్యాంకు ఖాతాకు, ఆస్తికి నామినీలు, వీలునామా ముందే రాసి ఉంచాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

ముగించే ముందు సభ్యులకు ఒక విన్నపం. మనలో ఎందరి ఇళ్ళలోనో రంగం నుంచి వచ్చిన టేకు పెట్టె, లక్క డబ్బా, తాతగారి పాత ఫొటో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కొండలు దాటి నడిచి వచ్చినవారు దాదాపు వెళ్ళిపోయారు. వారి నోట విన్నవారం మనమే చివరివాళ్ళం. మనం చెప్పకపోతే అమెరికాలో ఉన్న మన మనవళ్ళకు, తమకంటే ముందు తమ వంశంలో ఒకరు సముద్రం దాటారన్న సంగతే తెలియదు. తెలిసినంత వరకు, ఏ ఊరు, ఏ రేవు, ఏ సంవత్సరం, ఎలా వెళ్ళారు, ఎలా వచ్చారు అన్నది ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి అందజేయండి. వచ్చినవాటిని రాబోయే సంచికల్లో వరుసగా ప్రచురించవలసిందిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.